ఎముకల మందు కొనేటప్పుడు: బ్రాండా, జనరిక్కా ఎలా తేల్చుకోవాలి?

మా అమ్మ దేవుడి గది గడప తట్టుకుని చెయ్యి నేలకు ఆన్చింది, అంతే. మణికట్టు విరిగింది. ఇంత చిన్న దెబ్బకు ఎముక విరగకూడదని డాక్టరు ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్ష చేయించారు. తుంటి దగ్గర టి-స్కోరు మైనస్ 2.8 వచ్చింది. మైనస్ 2.5కు చేరినా, అంతకన్నా కిందికి దిగినా ఎముకలు గుల్లబారినట్టు లెక్క. వారానికొకసారి వేసుకునే మాత్ర రాసిచ్చారు. మందుల షాపు కుర్రాడు రెండు అట్టలు తీసి బల్ల మీద పెట్టి, "రెండూ ఒకటేనండీ, ఏది ఇమ్మంటారు?" అన్నాడు. ఒకదాని ధర రెండోదానిలో సగం. అమ్మ దగ్గర పొదుపేమిటనిపించి ఖరీదైనదే తెచ్చాను. ఆ మాత్రను అమ్మ నెలన్నరపాటు ఫిల్టర్ కాఫీతో మింగిందని తర్వాత తెలిసింది.

ఆ నెలన్నర డబ్బూ వృథాయే. ఎందుకో ముందుకు వెళ్లాక చెబుతాను. మీ చేతిలో ఇలాంటి చీటీయే ఉంటే షాపుకు వెళ్లే ముందు ఈ పనులు వరుసగా చేయండి.

ముందు మందు అసలు పేరు తెలుసుకోండి

చీటీలో బ్రాండ్ పేరు ఒక్కటే ఉంటే దాని వెనక ఉన్న మందేదో డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి పక్కన రాసుకోండి. మోతాదు, ఎన్నాళ్లకొకసారి అన్నవి కూడా రాయండి. మన దగ్గర ఎక్కువగా రాసేవి ఇవి: అలెండ్రోనేట్ 70 మి.గ్రా. వారానికొక మాత్ర. రిసెడ్రోనేట్ 35 మి.గ్రా. వారానికొకటి, లేదా 150 మి.గ్రా. నెలకొకటి. ఇబాండ్రోనేట్ 150 మి.గ్రా. నెలకొకటి. జోలెడ్రోనిక్ ఆమ్లం 5 మి.గ్రా. ఏడాదికొకసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. డెనోసుమాబ్ 60 మి.గ్రా. ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్. టెరిపరటైడ్ 20 మైక్రోగ్రాములు రోజూ పెన్నుతో పొడుచుకునేది.

ఈ ఆరింటినీ రెండు గుంపులుగా చూడండి. మొదటి నాలుగూ ఫ్యాక్టరీలో రసాయన చర్యలతో తయారయ్యే చిన్న అణువులు. ఏ కంపెనీ చేసినా అణువు అదే, ఇలా వేరే కంపెనీ చేసే నకలునే జనరిక్ అంటారు. చివరి రెండూ వేరు. డెనోసుమాబ్‌ను జీవకణాల్లో పెంచి తీస్తారు. దాని నకలును జనరిక్ అనరు, బయోసిమిలర్ అంటారు. టెరిపరటైడ్ 34 అమైనో ఆమ్లాల గొలుసు, ఫ్రిజ్‌లో ఉంచాల్సిన సున్నితమైన సరుకు. మాత్ర విషయంలో నేను ధర చూసి నిర్భయంగా మారిపోతాను. ఈ చివరి రెండు ఇంజెక్షన్ల దగ్గర మాత్రం ఆగి ఆలోచిస్తాను.

మన షాపులో "బ్రాండ్" అంటే ఏమిటో తెలుసుకోండి

ఇక్కడే చాలామంది పొరబడతారు. అలెండ్రోనేట్‌ను ఎముకల జబ్బుకు మార్కెట్లోకి తెచ్చింది మెర్క్ కంపెనీ, ఫోసమాక్స్ పేరుతో. అమెరికాలో దానికి 1995లో అనుమతి వచ్చింది, 2008లో పేటెంటు గడువు తీరి జనరిక్‌లు దిగాయి. బ్రాండా, జనరిక్కా అన్న అమెరికా చర్చ అసలు ఫోసమాక్స్‌కూ దాని నకళ్లకూ మధ్య జరిగేది. మన కథ వేరు. 1970 పేటెంట్ల చట్టం ప్రకారం మనదేశంలో మందును తయారుచేసే పద్ధతికే తప్ప మందుకు పేటెంటు ఉండేది కాదు. 2005 దాకా అదే సాగింది. ఆ కాలంలో మన కంపెనీలు సొంత పద్ధతిలో మందులు చేసి సొంత పేర్లు పెట్టుకున్నాయి. సిప్లా వారి ఓస్టియోఫోస్ అలాంటిదే. అంటే మీరు "బ్రాండ్" అనుకుంటున్నది కూడా జనరికే, కాకపోతే దానికి ఒక పేరుంది, ఆ పేరును డాక్టర్లకు గుర్తుచేయడానికి బ్యాగు పట్టుకుని తిరిగే ప్రతినిధి ఉన్నాడు. అతని జీతం మీరు కొనే అట్ట ధరలో ఉంటుంది.

ఇక పేరు లేని జనరిక్‌లు, అంటే జన ఔషధి కేంద్రాల్లో దొరికేవి. ఈ ప్రభుత్వ పథకం 2008లో మొదలైంది, ఇప్పుడు దేశమంతటా 10 వేలకు పైగా కేంద్రాలున్నాయి. అట్ట మీద మందు పేరే ఉంటుంది. కొన్న ప్రతి బ్యాచినీ గుర్తింపు పొందిన ప్రయోగశాలల్లో పరీక్షించాకే కేంద్రాలకు పంపుతారు. మీకు కావలసిన మందు, మోతాదు వాటిలో ఉందో లేదో "జన ఔషధి సుగమ్" యాప్‌లో వెతకండి. దగ్గరి కేంద్రం ఎక్కడుందో కూడా అందులోనే చూపిస్తుంది. జాబితాలో ఉన్న మందు కేంద్రంలో నిల్వ లేకపోవడం మామూలే. అందుకే ముందు ఫోను చేసి బయల్దేరండి, ఎండలో రెండు బస్సులు మారి వెళ్లి వట్టి చేతులతో రాకుండా.

మధ్యలో మూడో రకం ఒకటుంది, జాగ్రత్తగా చూడాల్సింది. దీన్ని ట్రేడ్ జనరిక్ అంటారు. కంపెనీ దీని కోసం డాక్టర్ల దగ్గరకు మనుషులను పంపదు, నేరుగా షాపులకు చాలా తక్కువకు ఇస్తుంది. అట్ట మీద ఎంఆర్‌పీ మాత్రం బ్రాండ్‌కు దగ్గరగా ఉంటుంది. లాభమంతా షాపుదే. మా వీధి షాపులో ఒకసారి "జనరిక్ ఇవ్వండి" అనగానే ఎంఆర్‌పీ మీద పది శాతం తగ్గించి మహోపకారం చేసినట్టు ముఖం పెట్టారు. తర్వాత చూస్తే అదే మందు జన ఔషధి కేంద్రంలో అందులో నాలుగో వంతు ధరకు ఉంది. జనరిక్ అన్న మాట వినగానే చవక అనుకోకండి. ధరలు పోల్చడానికి జాతీయ ఔషధ ధరల సంస్థ వారి "ఫార్మా సహీ దామ్" యాప్ ఉంది. మందు పేరు కొడితే ఏ కంపెనీది ఎంతో వస్తుంది.

నాణ్యత మాటేమిటి?

"జనరిక్‌లో 80 శాతమే మందు ఉంటుందట" అని మా పిన్ని గట్టిగా నమ్ముతుంది. ఆ మాట పుట్టింది ఒక లెక్కను తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల. జనరిక్‌నూ అసలు మందునూ ఆరోగ్యవంతులకు ఇచ్చి, రక్తంలోకి ఎంత చేరిందో కొలుస్తారు. రెండింటి సగటు నిష్పత్తికి గణాంక శాస్త్రం ఇచ్చే హద్దులు రెండూ 80 నుంచి 125 శాతం లోపల ఇమడాలి. హద్దులతో సహా ఇమడాలంటే అసలు సగటు నూటికి దగ్గరగా ఉండక తప్పదు. మాత్రలో ఉండే మందు పరిమాణానికీ ఈ 80కీ సంబంధమే లేదు.

అయితే అనుమానపడేవారికి ఒక నిజం చెప్పాలి. మనదేశంలో ఈ పోలిక పరీక్షను 2017లో తప్పనిసరి చేసింది నీళ్లలో సరిగా కరగని తరగతుల మందులకే. అలెండ్రోనేట్ బాగా కరుగుతుంది కాబట్టి ఆ జాబితాలోకి రాదు. దాని ఇబ్బంది కరగడంలో లేదు, పేగుల్లోంచి రక్తంలోకి చేరడంలో ఉంది. అందువల్ల నేను బ్రాండ్ పేరు పట్టించుకోను కానీ "తయారీదారు" అని చిన్న అక్షరాల్లో ఉండే పేరు చదువుతాను. విదేశాలకు ఎగుమతి చేసే కంపెనీ అయితే అలాంటి పరీక్షలు అక్కడి కోసం ఎలాగూ చేసి ఉంటుంది. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లే మాత్రలు తక్కువేమీ కాదు. డాలస్‌లో కూతురి దగ్గరకు వెళ్లిన పెద్దావిడకు అక్కడి షాపులో ఇచ్చే అలెండ్రోనేట్ డబ్బా మీద అరబిందో పేరు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

పేరున్న బ్రాండైతే భయం లేదనుకోవడమూ పొరపాటే. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నాణ్యత తప్పిన బ్యాచిల జాబితాను నెలనెలా తన వెబ్‌సైటులో పెడుతుంది. 2024లో ఒక జాబితాలో ఇంటింటికీ తెలిసిన కాల్షియం, డి3 మాత్రల బ్యాచి కూడా వచ్చింది. అది తమ సరుకే కాదని, నకిలీదని ఆ కంపెనీ చెప్పుకుంది. ఎక్కువ అమ్ముడుపోయే పేరుకే నకిలీల బెడద ఎక్కువ. కాబట్టి బిల్లు తీసుకోండి, బిల్లు మీది బ్యాచి నంబరు అట్ట మీది నంబరుతో సరిపోయిందో చూడండి, గడువు తేదీ చదవండి. నాలుగు మాత్రల అట్టను కత్తిరించి రెండు ఇస్తానంటే వద్దనండి. కత్తిరించిన ముక్క మీద గడువు తేదీ మిగలకపోవచ్చు.

ఏడాదికి ఎంతవుతుందో లెక్క వేయండి

ఎముకల మందు పది రోజుల యాంటీబయాటిక్ కోర్సు లాంటిది కాదు. మాత్రలైతే సాధారణంగా ఐదేళ్లు, సెలైన్ అయితే మూడేళ్లు వాడాక ఇంకా అవసరమా అని డాక్టరు తిరిగి చూస్తారు. అందుకని అట్ట ధర కాక ఏడాది ధర చూడాలి. వారం మాత్ర ఏడాదికి 52, నాలుగు మాత్రల అట్టలు 13. ఒక అట్ట 200 రూపాయలు, ఇంకోటి 80 అనుకోండి. ఏడాదికి 2,600, 1,040. ఐదేళ్లకు తేడా 7,800 రూపాయలు. ఆ డబ్బుతో డెక్సా పరీక్షలు చేయించుకోవచ్చు, బాత్రూంలో పట్టుకునేందుకు కడ్డీలు బిగించవచ్చు. మందు ఖరీదు ఎక్కువైనందువల్ల నడుమ మానేయాల్సి వస్తుందన్న అనుమానం ఏ మాత్రం ఉన్నా, మొదటి రోజునే చవకది ఎంచుకోండి. అల్మారాలో అయిపోయిన ఖరీదైన అట్ట ఎముకకు ఏమీ చేయదు.

డాక్టరుతో మాట్లాడండి, షాపులో మార్పించుకోకండి

ఇవి చీటీ మీదే అమ్మాల్సిన మందులు. చీటీలో బ్రాండ్ పేరుంటే దాని బదులు ఇంకొకటి ఇచ్చే అధికారం చట్టప్రకారం షాపువారికి లేదు, లోపల మందు అదే అయినా సరే. అమెరికాలో ఫార్మసిస్టు తనంతట తాను జనరిక్ ఇవ్వగలడు, ఇక్కడ కుదరదు. బయట జరిగేది వేరే సంగతి. మీరు మాత్రం డాక్టరును ఇలా అడగండి: "డాక్టరుగారూ, ఇది చాలా ఏళ్లు వాడాలి కదా, మందు అసలు పేరుతో రాసివ్వగలరా? జన ఔషధిలో దొరికితే తీసుకుంటాం." ఎక్కువమంది రాస్తారు. వద్దంటే కారణం అడగండి. "ఆ కంపెనీ మాత్రతో నా పేషెంట్లకు ఛాతీలో మంట వచ్చింది" అంటే అది వినదగ్గ కారణం. "అవన్నీ పనిచేయవమ్మా" అని చెయ్యి ఊపేస్తే అది కారణం కాదు.

అదే కూర్చున్నప్పుడు మూడు సంగతులు చెప్పండి: కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంతో, అన్నవాహికలో ఇబ్బంది ఉందో లేదో, పన్ను పీకించుకోవాల్సి ఉందా అని. కిడ్నీల వడపోత నిమిషానికి 35 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ ఆమ్లం సాధారణంగా ఇవ్వరు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ ఊళ్లలో పెరిగినవారైతే అదీ చెప్పాలి. ఫ్లోరోసిస్ ఉన్నవారి ఎముక డెక్సాలో గట్టిగా కనిపించి లోపల పెళుసుగా ఉండవచ్చు.

విదేశాల్లో పిల్లల దగ్గరకు వెళ్లేవారు ఆరు నెలలకు 26 మాత్రలు, మందు అసలు పేరుతో రాసిన చీటీ వెంట పెట్టుకోండి. మన బ్రాండ్ పేరు అక్కడి ఫార్మసిస్టుకు అర్థం కాదు.

మాత్ర మింగడం

ఇప్పుడు అమ్మ కాఫీ సంగతి. అలెండ్రోనేట్ మాత్రను పరగడుపున, సరిగ్గా వేసుకున్నా అందులో ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు కన్నా తక్కువ. కాఫీతోనో నారింజ రసంతోనో వేసుకుంటే ఆ కాస్తలోనూ దాదాపు 60 శాతం పోతుంది. టిఫినుతో వేసుకుంటే దాదాపు ఏమీ మిగలదు. రెండు మంచి కంపెనీల మాత్రల మధ్య ఇంత తేడా ఎక్కడా ఉండదు. నేను బ్రాండ్ కోసం రెట్టింపు ధర పెట్టాను, అమ్మ దాన్ని డికాక్షన్‌లో పోగొట్టింది.

వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి. లేవగానే, కాఫీ, టీ, పాలు ఏవీ ముట్టకముందు, నిండు గ్లాసు మంచినీళ్లతో మాత్ర మింగండి. బోరు నీళ్లు వద్దు, సీసాలో అమ్మే ఖనిజాల నీళ్లూ వద్దు. వాటిలోని కాల్షియం మాత్రను పట్టేసుకుంటుంది. ఇంట్లో ఫిల్టరు చేసిన నీళ్లు మేలు. మాత్రను నమలవద్దు, చప్పరించవద్దు. తర్వాత అరగంటపాటు ఏమీ తినకుండా, పడుకోకుండా నిలబడో నిటారుగా కూర్చునో ఉండాలి. ఇబాండ్రోనేట్ అయితే గంట. నడుం వాల్చితే మాత్ర అన్నవాహికలోకి ఎగదన్ని పుండు చేస్తుంది. వరండాలో పచార్లు చేయడం ఈ అరగంటకు సరిపోతుంది. పూర్తిగా వంగి చేసే పనులు మాత్రం వద్దు.

కాల్షియం మాత్ర, యాంటాసిడ్, ఐరన్ మాత్ర ఆ పూట దగ్గరికి రానివ్వకండి. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో వేసుకోండి. కొన్ని కంపెనీలు వారం మాత్రనూ రోజువారీ కాల్షియంనూ ఒకే అట్టలో పెట్టి "కిట్" అని అమ్ముతాయి. కళ్లు సరిగా కనపడని పెద్దవారు రెండూ కలిపి మింగేసే ప్రమాదం ఉంది, విడిగా కొంటే ధర కూడా తక్కువే పడుతుంది. నాకు ఆ కిట్లంటే ఇష్టం లేదు. థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపుదే కాబట్టి, ఆ ఒక్కరోజు ఏది ముందో, ఎంత వ్యవధితోనో డాక్టరు చేత రాయించుకోండి.

ఇంజెక్షన్ అయితే

జోలెడ్రోనిక్ ఆమ్లంలో జనరిక్ తీసుకోవడానికి సందేహం అక్కర్లేదు. సీసా మీది అంకె మాత్రం చూడండి. ఎముకలు గుల్లబారినవారికి ఇచ్చేది 5 మి.గ్రా., 100 మిల్లీలీటర్లలో. 4 మి.గ్రా. సీసా క్యాన్సర్ రోగుల కోసం. ధర తక్కువని దాన్ని తెస్తే డాక్టరును అడగకుండా ఎక్కించుకోవద్దు. కనీసం 15 నిమిషాలు పట్టేలా ఎక్కించాలి. మొదటిసారి ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. "చవక మందు పడలేదు" అని కంగారు పడకండి, అసలు బ్రాండ్‌తోనూ అంతే. చాలాచోట్ల మందు ధర కన్నా పడక, నర్సు ఛార్జీలే ఎక్కువ. బయటినుంచి మందు తెచ్చుకోవచ్చా అని ముందే అడగండి.

డెనోసుమాబ్ మొదలుపెట్టే ముందు నాలుగైదేళ్లకు డబ్బు లెక్క చూసుకోండి. మాత్ర మానేసినా దాని ప్రభావం ఎముకలో కొన్నాళ్లు ఉంటుంది. ఇది అలా కాదు. ఇంజెక్షన్ ఆలస్యమైతే ఎముక సాంద్రత వేగంగా పడిపోతుంది, కొందరికి వెన్నుపూసలు వరుసగా విరుగుతాయి. ఏడో నెల దాటనివ్వకూడదు. మానాల్సి వస్తే డాక్టరు దాని వెనకే ఇంకో మందు మొదలుపెడతారు. ఖరీదైన బ్రాండ్ ఏడాది వాడి ఆపేయడం కన్నా, అనుమతి పొందిన బయోసిమిలర్‌ను తేదీ తప్పకుండా వేయించుకోవడం ఎంతో నయం. కానీ బయోసిమిలర్‌కు మారే సంగతి డాక్టరుకు తెలిసి, బ్రాండ్ పేరు, బ్యాచి నంబరు మీ ఫైల్లో ఉండాలి.

డెనోసుమాబ్, టెరిపరటైడ్ రెండూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సినవి. అందుకే వీటికి ధర కన్నా ముందు షాపులోని ఫ్రిజ్‌ను చూడండి. కరెంటు పోతే జనరేటరు ఉందా? మందును ఐస్ ప్యాక్‌తో ఇస్తారా? ఏప్రిల్ మధ్యాహ్నం విజయవాడ వీధుల్లో ప్లాస్టిక్ సంచిలో వేలాడుతూ వచ్చిన పెన్ను ఏ కంపెనీదైతేనేం. టెరిపరటైడ్ పెన్ను మొదలుపెట్టాక 28 రోజులే, ఏడాదికి 13 పెన్నులు. ఒక్కో కంపెనీ పెన్ను తిప్పే తీరు ఒక్కోలా ఉంటుంది, సూదులు విడిగా కొనాలి. నడుమ కంపెనీ మారిస్తే మళ్లీ నర్సు దగ్గర నేర్చుకోవాలి, అందువల్ల దీన్ని మొదట ఎంచుకున్న కంపెనీతోనే పూర్తి చేయడం మంచిది.

మారాక పనిచేస్తోందో లేదో చూసుకోండి

డెక్సాలో మార్పు కనపడటానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది. అన్నాళ్లు ఆగలేకపోతే సీటీఎక్స్ అనే రక్తపరీక్ష ఉంది. ఎముక ఎంత వేగంగా అరుగుతోందో అది చెబుతుంది. మందు మొదలుపెట్టే ముందొకసారి, మూడు నెలలు వాడాక ఇంకోసారి, రెండుసార్లూ పొద్దున పరగడుపున, ఒకే ల్యాబులో చేయించండి. మాత్ర ఒంటికి పడుతుంటే అంకె బాగా దిగాలి. దిగకపోతే కంపెనీని తప్పుపట్టే ముందు మింగే పద్ధతిని విచారించండి. డెక్సా కూడా అదే మెషీను మీద చేయిస్తేనే పోలిక కుదురుతుంది.

కొత్త కంపెనీ మాత్రతో ఛాతీలో మంట, మింగితే నొప్పి వస్తే ఆపి డాక్టరును కలవండి. మాత్ర విడిపోయే వేగం కంపెనీని బట్టి మారుతుంది, కొందరి గొంతుకు అది తేడాగానే ఉంటుంది. మందునే వదిలేయకుండా ఇంకో కంపెనీది అడగండి. తొడలోనో గజ్జల్లోనో కొత్తగా నొప్పి మొదలైతే బ్రాండ్‌తో నిమిత్తం లేకుండా వెంటనే చెప్పాల్సిందే. మందు వికటించిందనిపిస్తే ఫిర్యాదు చేయడానికి 1800-180-3024 అనే ఉచిత నంబరుంది. అప్పుడు కంపెనీ పేరు, బ్యాచి నంబరు చెప్పాలి కనుక ప్రతి అట్టనూ కొన్నరోజే ఫోటో తీసి ఉంచండి.

అమ్మ ఇప్పుడు సగం ధర మాత్రే వేసుకుంటోంది. ఆదివారం ఆరింటికి మింగి, ఆరున్నర దాకా వరండాలో తిరుగుతుంది. ప్రతి రెండు నిమిషాలకూ గోడ గడియారం వైపు చూసి, "ఇంకా కాలేదా?" అంటుంది. మూడు నెలల తర్వాత సీటీఎక్స్ సగానికి పైగా దిగింది.